ఉంటా మరి

ఆ ఇంటి సంగతి రాత్రిపూట అడిగితే ఎవరూ చెప్పరు. పగలు అడిగినా సరే... చెప్పేవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని మరీ చెబుతారు.

వీధి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ దాటాక, నీలం కిటికీ ఉన్న పాత ఇల్లు అది. పక్కన ఒక వెల్డింగు షాపు. ఆ పైన దారి లేదు. పేపరు వేసే మనిషి అక్కడికొచ్చేసరికి అడ్డం ఎవరూ లేకపోయినా సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతాడట. వెల్డింగు షాపతను దీపాలు పెట్టకముందే షట్టరు దించేస్తాడు. కుక్కలు కూడా ఆ మెట్ల మీద పడుకోవు. అసలక్కడ ఏం జరిగిందయ్యా అంటే ఎవరికీ తెలీదు. ఏదో జరిగిందని మాత్రం అందరికీ తెలుసు. మన జనం సంగతి కొత్తగా చెప్పేదేముంది, నిప్పు లేకుండానే పొగ పెట్టగలరు.

ఈమధ్య ఆ పొగకి ఒక ఆకారం కూడా వచ్చింది. రాత్రిళ్ళు నీలం కిటికీ వెనకాల... ఎవరో కూర్చుని ఉంటున్నారట. కదలరు. తలుపు వైపే చూస్తూ ఉంటారు. అంతే.

ఈ మాట విని పడీపడీ నవ్వినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. అసలు పేరు ఏదో ఉంది గానీ అందరూ అతన్ని 'యాక్షన్' అనే పిలుస్తారు.

యాక్షన్‌కి బజార్లో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. గడ్డం కొంచెం దించండి, భుజాలు సమంగా పెట్టండి, నవ్వకండి... పొద్దస్తమానం ఇదే పాట. నవ్వొద్దని చెప్పీ చెప్పీ విసుగెత్తిన మనిషి ఒకరోజు ఉన్నట్టుండి సినిమా తీస్తానన్నాడు. పెద్ద సినిమా కాదు. ఒక ఇల్లు, ఒక కుర్చీ, ఒక తల్లి. ఇల్లొదిలి పోయిన కొడుకు కోసం ఆ తల్లి రాత్రంతా తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. చివర్లో తలుపు తెరుచుకుంటుంది. తల్లి "వచ్చావా" అంటుంది. అక్కడితో సరి.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. తీయబోయేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కెమెరా ఏమో పెళ్ళిళ్ళకి వీడియో తీసే స్నేహితుడిది, పెళ్ళి లేని రోజే షూటింగు. సౌండు చూసేది బావమరిది. మైకులు అద్దెకిచ్చే షాపులో పని చేస్తాడు కాబట్టి వాడి పేరు మైకు. కొడుకు వేషం ఒక బస్సు కండక్టరు వేశాడు. సగంలో అతనికి బదిలీ అయిపోయి మనిషి పోతే చొక్కా మిగిలింది. ఆ గళ్ళ చొక్కా తనే తొడుక్కుని, వీపు మాత్రమే కనపడేలా నిలబడి, యాక్షనే కొడుకైపోయాడు.

ఇల్లొక్కటే ఉత్తపుణ్యానికి దొరికింది. దెయ్యాలకొంపకి అద్దె అడిగితే జనం నవ్వుతారని ఇంటాయన తాళం తెచ్చి చేతిలో పెట్టాడు. షూటింగు చూడ్డానికి ఎవరూ ఎగబడకుండా, టీ కొట్టు దగ్గర "రాత్రి ఏదో మూలుగు వినపడింది" అని ఒకటి రెండు ముక్కలు జారవిడిచింది కూడా యాక్షనే. అందుకే ఇప్పుడు నవ్వాడు. తను పెంచిన దెయ్యం తననేం చేస్తుందని ధీమా.

అతని భార్యకి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ చాలా చూసింది. సగం నేర్చుకుని అటక ఎక్కించిన గిటారు, సగం రంగు వేసిన గోడ, మూడొంతులు విప్పి మళ్ళీ బిగించని ఫ్యాను. "మీకు యాక్షన్ అనడమే వచ్చు. కట్ అనడం ఏనాడు నేర్చుకున్నారు గనక" అని ఆవిడ ఒకసారి నలుగురిలో అంది. ఆ నలుగురూ నాలుగు వీధులకీ మోశారు. పేరు అలా స్థిరపడింది.

తల్లి వేషం వేసింది అతని పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు ఊళ్ళో ఆవిడ గొంతు విననివాళ్ళు లేరు, మొహం చూసినవాళ్ళూ లేరు. "ఇన్నేళ్ళూ గొంతొక్కటే బతికిందిరా. ఒక్కసారి మొహాన్ని కూడా బయటికి రానీ" అని తనే అడిగి మరీ వేషం వేయించుకుంది. నిన్ను తెర మీద చూపించకపోతే పేరు మార్చుకుంటానని యాక్షన్ మాటిచ్చాడు. ఉన్న పేరే ఎవరికీ గుర్తు లేదు, ఇంకేం మారుస్తావు నాన్నా, అందావిడ.

డ్యూటీ విషయంలో పెద్దమ్మ రాయి. అవతలివాళ్ళు పెట్టేదాకా ఫోను పెట్టేది కాదు. తనే పెట్టాల్సి వస్తే "ఉంటా మరి" అని చెప్పే పెట్టేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినా లేచేటప్పుడు "ఉంటా మరి" అనే చెప్పులేసుకునేది. అందరూ వస్తానని చెప్పి పోతారు, మా పెద్దమ్మ ఉంటానని చెప్పి పోతుంది అని యాక్షన్ ఆటపట్టించేవాడు.

అన్ని సీన్లూ అయ్యాయి. ఆఖరి షాటు మిగిలింది.

ఆ రాత్రి జోరున వాన. పెద్దమ్మ పేముకుర్చీలో కూర్చుంది. గళ్ళ చొక్కాలో యాక్షన్ తలుపు బయట నిలబడ్డాడు. అక్కణ్ణుంచే అరిచి షాటు మొదలుపెట్టాడు. గడియ మీద చెయ్యి వేశాడో లేదో... వీధిలో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. కరెంటు పోయింది. కప్పులోంచి నీళ్ళు సరిగ్గా కెమెరా మీదే పడ్డాయి. కెమెరా స్నేహితుడు లబోదిబోమన్నాడు. కెమెరాని చొక్కాలో చుట్టుకుని ఒకరు, వైర్లు మెడలో వేసుకుని ఒకరు, ఎవరికి తోచిన దిక్కుకి వాళ్ళు పరిగెత్తారు. గొడుగూ టార్చీ పట్టుకుని భార్యే వెళ్ళి పెద్దమ్మని ఇంటికి తీసుకొచ్చింది.

మర్నాటికి జ్వరం. ఆ తర్వాత ఆస్పత్రి. లోపలికి ఎవర్నీ రానివ్వని గది. యాక్షన్ గాజు తలుపు బయట నిలబడి చూశాడు. పెద్దమ్మ తలుపు వైపే చూస్తోంది. చెయ్యి ఊపితే పలకలేదు. వారం తిరక్కుండానే పోయింది. పోయేముందు ఎవరితోనూ ఉంటా మరి అని కూడా అనలేదు. అదొక్కటే ఇంట్లోవాళ్ళకి వింతగా ఉండిపోయింది.

ఇక సినిమా సంగతి. అంతా ఉంది, ఒక్క "వచ్చావా" లేదు. యాక్షన్‌కి నిద్ర పట్టడం మానేసింది. అర్ధరాత్రి లేచి కంప్యూటరు ముందు కూర్చోవడం, చూసిందే చూడటం, లేచి ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరగడం. అమ్మ చేత అనిపించి చూశాడు. భార్య చేత అనిపించాడు. ఆఖరికి మైకు కూడా గొంతు సన్నం చేసి ఒకసారి అని, తనే సిగ్గుపడి లేచిపోయాడు. ఏదీ అతకలేదు. పెద్దమ్మ గొంతు పెద్దమ్మదే.

చివరికి ముగింపు మార్చేద్దామనుకున్నాడు. కొడుకు తలుపు తీసేసరికి తల్లి ఉండదు. ఖాళీ కుర్చీ, నిశ్శబ్దం. అంతే. కుర్చీ ఎలాగూ అక్కడే ఉంది. షాటు పూర్తి కాలేదు కాబట్టి దాన్ని అంగుళం కూడా కదపొద్దని అందరికీ గట్టిగా చెప్పి పెట్టాడు.

ఇవాళా రేపూ అనుకుంటూ ఉండగానే ఇంటాయన కబురు పెట్టాడు. ఇల్లు అమ్మేశాను, రేప్పొద్దున కూలగొట్టడానికి మిషను వస్తోంది, నీ సామాను తీసుకుపో అని. పగలంతా వెల్డింగు షాపు రొద. మిగిలింది ఆ రాత్రి ఒక్కటే.

భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఊళ్ళో అంటున్న మాటలు ఆవిడా విన్నది. ఉన్నదాంతో సరిపెట్టుకోకూడదా అంది.

"ఒక్క షాటు. ఇది వదిలేస్తే పెద్దమ్మ మొహం ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. తనకి నేను మాటిచ్చాను."

ఆవిడ పక్కకి జరిగింది. టార్చి తెచ్చి చేతిలో పెట్టింది.

మైకు వచ్చాడు గానీ గేటు దాటనని తెగేసి చెప్పాడు. స్కూటరు మొహం ఊరి వైపు తిప్పి పెట్టుకుని, దాని మీదే రికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హెడ్‌ఫోను వాడి చెవులకి. పొడుగాటి వైరు గేట్లోంచి, మెట్ల మీంచి లోపలికి వెళ్ళింది. దాని చివర మైక్రోఫోను పట్టుకుని యాక్షన్ ఒక్కడే గదిలోకి నడిచాడు. ఇద్దరికీ మధ్య ఫోను కలిపే ఉంచారు. యాక్షన్ చెవిలో ఒక చిన్న ఇయర్‌ఫోను.

గదిలో పాత తడి వాసన. బ్యాటరీ దీపం వెలిగించాడు. కుర్చీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. దాని ముందు మైక్రోఫోను నిలబెట్టి, స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకున్న కెమెరా ఆన్ చేశాడు. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికి ఉంటుంది. ఇంకో గదిది తెచ్చి అతికిస్తే పట్టుబడిపోతుంది. అందుకే ఆ గదిలోనే, కాసేపు ఎవరూ కదలకుండా, ఊరికే రికార్డు చేసుకోవాలి. సౌండు పనిలో అన్నిటికన్నా తేలికైన పని అదే.

గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కదల్లేదు.

కాసేపటికి చెవిలో మైకు గొంతు గుసగుసగా వచ్చింది.

"బావా... ఊపిరి అంత గట్టిగా తియ్యకు. వినపడుతోంది."

యాక్షన్ ఊపిరి బిగబట్టాడు.

"ఆపవేం మరి..."

అతను ఆపే ఉన్నాడు.

అప్పుడే పైన వెంటిలేటరు దగ్గర టపటపమని చప్పుడు. టార్చి పైకి కొట్టాడు. పావురం! అది బెదిరిపోయి రెక్కలు కొట్టుకుంటూ వెంటిలేటరు కన్నంలోంచి బయటికి ఎగిరిపోయింది. యాక్షన్ గోడకి చేరగిలబడి తనలో తనే నవ్వుకున్నాడు. ఇదీ మన దెయ్యం బతుకు. పావురంరా, పోయింది, మళ్ళీ మొదలుపెడదాం అని మెల్లగా చెప్పాడు.

చెవిలో మైకు గుసగుస మళ్ళీ వచ్చింది.

"పావురం పోయింది సరే... మరి ఊపిరి పోలేదేంటి బావా?"

యాక్షన్ మెల్లగా కుర్చీ వైపు చూశాడు. ఎవరూ లేరు. కెమెరా తెర మీద చూశాడు. అక్కడా లేరు. కానీ పేము అల్లిక... మధ్యలో కొంచెం కిందికి దిగి ఉంది. ఖాళీ కుర్చీకి అలా దిగదు.

పారిపోదామనిపించింది.

"ఎక్కణ్ణుంచిరా?" అన్నాడు.

"కుర్చీ దగ్గర్నుంచే. మామూలు ఊపిరి కాదు. ఎవరో... కదలకూడదని బిగబట్టి, ఆగలేక కొంచెం కొంచెం వదులుతున్నట్టు ఉంది."

కదలకూడదని.

ఆ మాట దగ్గర యాక్షన్ ఆగిపోయాడు. కదలకూడదని చెప్పింది ఎవరు? తనే. షాటు షాటుకీ చెప్పేవాడు. నేను కట్ అనేదాకా కదలకు పెద్దమ్మా, తలుపు మీంచి చూపు తిప్పకు అని. ఆవిడ ఊపిరి కూడా బిగబట్టి కూర్చునేది. ఆ వానరాత్రి కూడా అలాగే చెప్పాడు. బయట నిలబడి 'యాక్షన్' అని అరిచాడు. ఆ తర్వాత? తలుపు తీయలేదు. కరెంటు పోయింది. కెమెరా, నీళ్ళు, అరుపులు, పరుగులు...

కట్ అనలేదు.

ఏనాడు నేర్చుకున్నారు గనక, అని భార్య అన్న మాట చెవిలో గింగురుమంది. ఫోను అవతలివాళ్ళు పెట్టేదాకా పెట్టని మనిషి. ఆస్పత్రిలో పలక్కుండా తలుపు వైపే చూసిన చూపు. అప్పుడు తను తలుపు బయటే నిలబడ్డాడు, ఆ తలుపు తీసి లోపలికి వెళ్ళలేదు. పెద్దమ్మ ఇంకా షాట్లోనే ఉంది. ఇన్నాళ్ళూ కొడుకు తలుపు తీస్తాడని ఈ చీకట్లో కూర్చునే ఉంది. అది తెలిసేసరికి భయం ఎటు పోయిందో పోయింది, ఏడుపు తన్నుకొచ్చింది.

ఏడిస్తే సౌండు పాడవుతుంది. పెదవి కొరుక్కున్నాడు.

కెమెరా సంచిలో లెన్సుకి చుట్టిన గళ్ళ చొక్కా ఉంది. తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకదానికొకటి తప్పాయి. కుర్చీని తగలకుండా, ఎవరైనా కూర్చుంటే ఎలా తప్పుకుని పోతామో అలా, పక్క నుంచి ఒదిగి బయటికి నడిచాడు. తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టాడు. బావా ఏం చేస్తున్నావు, బయటికి వచ్చెయ్ అని మైకు చెవిలో పోరుతూనే ఉన్నాడు. ఇయర్‌ఫోను పీకి జేబులో పెట్టుకున్నాడు.

యాక్షన్ అని మళ్ళీ అనక్కర్లేదు. అది ఎప్పుడో అన్నాడు.

గడియ తీశాడు. తలుపు తోశాడు. కిర్రుమంటూ తెరుచుకుంది.

దీపం. కుర్చీ. ఎవరూ లేరు. చిన్న చప్పుడు కూడా లేదు. కెమెరా మీద ఎర్రచుక్క వెలుగుతోంది. సినిమాలో కొడుకు ఎంతసేపు నిలబడాలో అంతసేపూ గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కట్."

మళ్ళీ అన్నాడు.

"కట్ పెద్దమ్మా. షాటు బాగా వచ్చింది. ఇంక లే."

అంతే. ఏమీ జరగలేదు. గది గదిలాగే ఉంది. తన పిచ్చికి తనే సిగ్గుపడుతూ నిలబడ్డ యాక్షన్‌కి గేటు బయట స్కూటరు కిక్కు చప్పుడు వినపడింది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. అది స్టార్టవడం లేదు.

పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. మైకు మొహంలో నెత్తురు చుక్క లేదు. హెడ్‌ఫోను తీసి బావ చెవులకి పెట్టాడు, రికార్డింగు వెనక్కి తిప్పాడు.

నిశ్శబ్దం. బిగబట్టిన ఊపిరి. గడియ చప్పుడు. తలుపు కిర్రు.

తర్వాత, చెవి పక్కన నిలబడి అన్నంత దగ్గరగా...

"వచ్చావా."

అదే గొంతు. ఊరంతా ఎరిగిన గొంతు. తర్వాత తన గొంతు, కట్ అంటూ, ఇంక లే అంటూ. పేముకుర్చీ కిర్రుమంది, బరువు దిగినట్టు. ఆ తర్వాత మెల్లగా, డ్యూటీ అయిపోయిన మనిషి అలసటతో ఇంకో మాట.

"ఉంటా మరి."

మైకు బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "విన్నావా? ఉంటానంటోంది బావా. వెళ్ళనంటోంది."

యాక్షన్ రోడ్డు మీదే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి. "పిచ్చి సన్నాసీ... అంటే వెళ్ళిపోయిందనిరా. మా పెద్దమ్మ ఫోను పెట్టేసిందిరా."

తెల్లవారకముందే పేముకుర్చీ నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాడు. తెల్లవారగానే ఆ ఇంటి మీదికి మిషను వచ్చింది. మధ్యాహ్నానికి నీలం కిటికీ లేదు, ఇల్లూ లేదు.

సినిమా పూర్తయింది. స్టూడియో గోడకి తెల్ల దుప్పటి కట్టి వేశారు. వీధివీధంతా వచ్చింది. చివర్లో తలుపు తెరుచుకుని, చీకట్లోంచి "వచ్చావా" అన్న మాట వినపడగానే వెల్డింగు షాపతను మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాట మీద పెద్దమ్మ మొహం దుప్పటి నిండా వచ్చింది. ఎప్పుడో ఒక షాటు అయిపోయాక, కెమెరా ఇంకా ఆపలేదని తెలియక నవ్విన నవ్వు అది. ఆ మాట ఎవరి చేత చెప్పించారు అని భార్య చెవిలో అడిగింది. పెద్దమ్మదే అన్నాడు యాక్షన్. ఆవిడ అతని మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

కుర్చీని స్టూడియోలో ఓ మూలన వేశాడు, వచ్చినవాళ్ళు కూర్చుంటారని. మైకు మాత్రం నిలబడే ఉంటాడు. ఉంటా మరి అంటే వెళ్తాననా, ఉంటాననా అన్నది బావాబావమరుదులకి అన్నం దగ్గర కూడా తెగని తగాదా అయిపోయింది. మైకులు అద్దెకిచ్చేవాడికి ఫోను మర్యాద ఏం తెలుస్తుందిలే అని యాక్షన్ వాణ్ణి వెక్కిరించేవాడు.

కొన్నాళ్ళకి ఇంకో కథ పుట్టింది. ఒక సాయంత్రం స్టూడియో మూసే వేళ, లోపల ఎవరూ లేరు. కొత్తగా కొన్న కెమెరా ఎలా పనిచేస్తుందో చూద్దామని ఖాళీ గోడకి గురిపెట్టి, యాక్షన్ సరదాగా తన పేరే తను అనుకున్నాడు.

"యాక్షన్."

వెనక మూలన పేముకుర్చీ కిర్రుమంది... ఎవరో సర్దుకుని, నిటారుగా కూర్చున్నట్టు.

ఇప్పటికీ ఆ స్టూడియోకి వెళ్ళి చూడండి. గడ్డం కొంచెం దించండి, భుజాలు సమంగా పెట్టండి, నవ్వకండి అంటాడు. ఫోటో తీస్తాడు. తర్వాత ఆ మూలకి తిరిగి, మర్యాదగా, మర్చిపోకుండా ప్రతిసారీ "కట్" అంటాడు. పాస్‌పోర్టు ఫోటోకి కట్ ఏమిటయ్యా అని జనం నవ్వుతారు. ఆ కుర్చీలో మాత్రం ఇప్పుడు ఎవర్నీ కూర్చోనివ్వడు.